సామాను గది కిటికీ

సాయంత్రం అయిదున్నరకి నా కిటికీ తెరుస్తాను.
ఎడమ అరలో వెల్డింగ్ ముసుగులు,
కుడి అరలో మైకులు.
మధ్యలో నేనూ, చిట్టా పుస్తకమూ,
తాడుతో కట్టేసిన పెన్నూ.
ముసుగులు తిరిగొస్తాయి, మైకులు తిరిగొస్తాయి,
పెన్నులే రావు. అందుకని తాడు.
ఈ పెన్ను మిల్లు వాళ్ళు ఎప్పుడో ఊరంతా పంచినది,
పేరు సగం చెరిగిపోయింది.

మిల్లు మూతపడి నాలుగేళ్ళు.
ఊరి మీంచి కుళ్ళిన గుడ్ల వాసన పోయిందని
మొదటి నెల అందరం హమ్మయ్య అనుకున్నాం.
రెండో నెలకి తెలిసొచ్చింది,
ఆ వాసన పేరే జీతమని.

రొజేర్ ఉలెట్ కి యాభై తొమ్మిది.
మూడో నంబరు కాగితం యంత్రం పక్కన
ముప్పై మూడేళ్ళు నిలబడి
కుడిచెవి దానికే ధారపోసిన మనిషి.
"ఏ కోర్సు?" అంటూనే
నా చెయ్యి ఎడమ అర మీదికి పోయింది.
"రేడియో" అన్నాడు.
నవ్వు కనపడకుండా చిట్టాలో తల దూర్చాను.

అతని వెనకే హోదన్, ఇరవై ఒకటి.
తలగుడ్డ మీద సరిగ్గా కూర్చునేలా
పట్టీ వదులు చేసిన ఏడో నంబరు ముసుగు ఆమెది.
ఇంకొకరు అడిగితే పాడైందని చెబుతాను.
పంది మాంసం వేగే చప్పుడొస్తే
అతుకు కుదిరినట్టేనంటాడట వాళ్ళ మేష్టారు.
"నేను మాత్రం చేప అనుకుంటాను" అంది,
ముక్కు చిట్లించి, సంతకం పెడుతూ.

థర్లో మేడమ్ రేడియో వాళ్ళకిచ్చిన మొదటి పని:
ముప్పై సెకన్ల నిశ్శబ్దం పట్టుకురండి.
వింటే తేలిక.
రొజేర్ పోయి మిల్లు కంచె దగ్గర నిలబడ్డాడు,
నవంబరు గాలిలో, మైకు చొక్కా చాటున పెట్టుకుని.
తిరిగొచ్చి ఇయర్‌ఫోన్లు నా చెవికి తగిలించి
"ఏమన్నా ఉందా ఇందులో?" అన్నాడు.
ఉంది.
గేటు గొలుసు, నది,
ఈలలాంటి అతని ఊపిరి.
గొలుసూ నదీ చెప్పాను.
ఊపిరి సంగతి మేడమ్ చెప్పింది, మార్కులు కోసి.
చెరిపెయ్యమంది.
అతను చెరపలేదు.

రెండో పని: ఒకరి చేతిపని చప్పుడు.
హోదన్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.
మైకు ఒక చేత్తో పట్టుకుని
రెండో అరచెయ్యి బల్లకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
కాగితం తెగబోతోందని
ఆ అరచేతికే ముందు తెలిసేదట మిల్లులో.
"ఎడమ కొసన వణుకుతోంది, పిల్లా" అన్నాడు.
ఆమె నమ్మలేదు.
విరిచి చూసింది.
ఎడమ కొసన, లోపల, ఆవగింజలంత బుడగలు.
తర్వాత వారమంతా ఆ బల్ల దగ్గర
రేడియో ఎవరు నేర్చుకుంటున్నారో
వెల్డింగ్ ఎవరు నేర్చుకుంటున్నారో
నా చిట్టాకి అర్థం కాలేదు.
మైకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.
జరిమానా రాయాలి.
రాయలేదు.

డిసెంబరులో ఒక ఉదయం, ఆరింటికి,
ట్రక్కులో హీటరు వేడెక్కేదాకా కాలేజీ రేడియో పెట్టాను.
మంచుకి మూతపడ్డ బడుల జాబితా,
హాకీ స్కోర్లు,
ఆ వెనక చిటపట, చేపో పందో,
హోదన్ నవ్వు, ఇనుము విరిగిన చప్పుడు,
ఇంతలో అంతా ఆగిపోయింది.

స్టేషన్‌లో ఫోన్లు మోగాయని తర్వాత విన్నాను,
ప్రసారం తెగిందనుకున్నారట.
నాకు తెలుసు తెగలేదని.
గొలుసు వినపడింది.
అద్దం మీది మంచు గీకకుండా
ముప్పై సెకన్లూ అలాగే కూర్చున్నాను.
ఈల వేసే ఆ ఊపిరి
ఊళ్ళో ఇంకెవరు పోల్చుకున్నారో తెలీదు.

జనవరిలో కొత్త పేర్లు, కొత్త చేతులు.
కిటికీ తెరిచేసరికి పెన్ను లేదు,
తాడు మాత్రం వేలాడుతోంది,
కొస నున్నగా, కత్తిరించినట్టు.
ఎవరి పనో తెలుసు.
అడగలేదు.
జేబులోంచి నాది తీసి కట్టాను.